మూస్‌ను చంపేది తోడేలు ఒక్కటేనా? పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

గత సంచికలో అమెరికాలోని ఐల్ రాయల్ దీవిని ప్రస్తావిస్తూ, అక్కడ తోడేళ్లు తగ్గిన కాలంలో మూస్ అనే భారీ దుప్పులు విపరీతంగా పెరిగాయని, ఆ తరవాత మేత దొరక్క, గోమార్ల బెడద కూడా తోడై వందల సంఖ్యలో చనిపోయాయని రెండు వాక్యాలలో రాశాను. ఈ నెల నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఆ రెండు వాక్యాల గురించే. రెండు వాక్యాలలో చెప్పదగిన విషయం కాదది. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని మూస్‌లకూ వాటిని వేటాడే జంతువులకూ కేటాయిస్తున్నాను.

దేవరకొండ నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు: తోడేలు మూస్‌కు శత్రువు కదా! శత్రువు తగ్గితే ఆ జంతువు సుఖంగా బతకాలి గానీ, గుంపులు గుంపులుగా చావడమేమిటి? మా మనుమరాలు అడిగితే సరైన జవాబు చెప్పలేకపోయాను. కాస్త వివరంగా రాయగలరు.

మాస్టారూ, దీనికి జవాబు ఆ దీవి చరిత్రలోనే ఉన్నది కనుక దానిని మొదటి నుంచీ చెబుతాను. ఐల్ రాయల్ మిషిగన్ రాష్ట్రానికి చెందినది, సుపీరియర్ సరస్సులో ఉన్నది. పొడవు 70 కిలోమీటర్ల పైచిలుకు, విస్తీర్ణం సుమారు 540 చదరపు కిలోమీటర్లు. మన అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో కోర్ ప్రాంతం 2,166 చదరపు కిలోమీటర్లు గనుక, అందులో నాలుగో వంతు అడవిని విడదీసి చుట్టూ ఇరవై కిలోమీటర్ల దాకా నీళ్లు పెట్టినట్టు ఊహించుకుంటే మీ మనుమరాలికి సులువుగా బోధపడుతుంది. అక్కడి నుంచి జంతువులు ఇష్టం వచ్చినప్పుడు బయటికి పోలేవు, బయటివి లోపలికి రాలేవు.

ఆ దీవికి మూస్‌లు 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో చేరాయి. ఈదుకుంటూ వచ్చాయని కొందరు, మనుషులే తెచ్చి వదిలారని కొందరు అంటారు. అప్పుడు అక్కడ తోడేళ్లు లేవు. మేత పుష్కలంగా ఉన్నది, వేటాడే జంతువు లేదు. మూస్‌లు వేలల్లోకి పెరిగాయి. 1929, 1930 సంవత్సరాలలో అడాల్ఫ్ మ్యూరీ అనే జీవశాస్త్రవేత్త దీవిలో తిరిగి చూసి, అందినంత ఎత్తు వరకు చెట్లన్నీ మోడువారి ఉండటం గమనించి, ఈ మంద త్వరలోనే ఆకలికి కూలిపోతుందని హెచ్చరించారు. కొద్ది ఏళ్లకే అది నిజమైంది. 1936లో పెద్ద కార్చిచ్చు దీవిలో చాలా భాగాన్ని కాల్చింది. కాలిన చోట లేత చిగుళ్లు రావడంతో మంద మళ్లీ పెరిగింది. తోడేలు లేకుండా కూడా ఈ జంతువుల సంఖ్య పైకి లేవడం, పడిపోవడం జరిగిందన్న మాటను గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను. ముందు చెప్పబోయేదంతా దాని మీదే ఆధారపడి ఉన్నది.

1940ల చివరలో ఒక చలికాలాన సరస్సు గడ్డకట్టినప్పుడు, ఆ మంచు మీదుగా నడుచుకుంటూ తోడేళ్లు దీవికి వచ్చాయి. 1958లో పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన డర్వార్డ్ అలెన్ అక్కడ ఒక అధ్యయనం మొదలుపెట్టారు. చలికాలంలో ఆకులు రాలి, నేలంతా మంచుతో తెల్లబడినప్పుడు చిన్న విమానంలో తక్కువ ఎత్తున తిరుగుతూ తోడేళ్లనూ మూస్‌లనూ లెక్కించడం ఆ పని. అది ఇప్పటికీ సాగుతున్నది. ఒక వేట జంతువునూ దానిని తినే జంతువునూ ఒకే చోట ఇంత దీర్ఘకాలం గమనించిన అధ్యయనం ప్రపంచంలో మరొకటి లేదు.

1980 నాటికి తోడేళ్లు యాభైకి చేరాయి. రెండేళ్లు తిరిగేసరికి పద్నాలుగు మిగిలాయి. వాటిలో ఎక్కువ వాటిని బలి తీసుకున్నది పార్వో అనే వైరస్. దీవిలోకి కుక్కలను తేవడం నిషేధం. అయినా ఎవరో తెచ్చిన పెంపుడు కుక్క ద్వారానే ఆ వ్యాధి సోకి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. ఆ తరవాత పదిహేనేళ్ల పాటు తోడేళ్లు కోలుకోలేదు. ఆ వ్యవధిలో మూస్‌లు 1995 నాటికి 2,400కు చేరాయి. ఒక్కొక్కటి చలికాలంలో కూడా రోజూ కిలోల కొద్దీ కొమ్మలు తినే జంతువు. దీవిలోని బాల్సమ్ ఫిర్ మొక్కలు ఏళ్ల తరబడి మోకాలెత్తు దాటలేకపోయాయి. ఎదగబోయిన ప్రతి కొనను మూస్ కొరికేసింది. ఆ చెట్ల కాండాన్ని కోసి వార్షిక వలయాలను కొలిస్తే, మూస్‌లు ఎక్కువగా ఉన్న ఏళ్లలో వలయాలు సన్నగా, తోడేళ్లు బలంగా ఉండి మూస్‌లు తగ్గిన ఏళ్లలో వెడల్పుగా కనబడ్డాయి. తోడేలు చెట్టును తాకకుండానే చెట్టు మీద తన గుర్తు వేసిందన్నమాట.

1996 చలికాలం భయంకరంగా వచ్చింది. మంచు లోతుగా కురిసింది, మేత అప్పటికే లేదు, ఒంటి నిండా పిడుదులు, అంటే మన వైపు గోమార్లు అనేవి. 1997 లెక్కలో మూస్‌లు సుమారు 500 ఉన్నాయి. శత్రువు లేనందువల్ల సుఖపడాల్సిన జంతువు, రేపటి మేతను ఇవాళే తినేసి, ఆ రేపు వచ్చినప్పుడు నిలబడలేకపోయింది. మీ మనుమరాలికి చెప్పవలసిన జవాబు ఇదే: తోడేలు కొన్నిటిని ఏడాది పొడవునా కొద్దికొద్దిగా తీసుకుంటుంది, అది లేనప్పుడు ఆకలి అన్నిటి దగ్గరా అప్పు పెంచుతూ పోయి ఒక్క చలికాలంలో వసూలు చేస్తుంది.

తోడేళ్ల పక్షాన జరిగినదీ చెప్పాలి. దీవిలో మిగిలినవి కొన్నే కావడంతో అన్నాచెల్లెళ్ల, అక్కాతమ్ముళ్ల మధ్యే సంతానం కలిగింది. తరతరాలుగా మేనరికాలు చేసుకున్న కుటుంబాలలో కొన్ని జబ్బులు ఎలా తేలతాయో మన ఊళ్లలో చాలామందికి తెలుసు. అక్కడ అది అంతకన్నా దగ్గరి రక్తం. వెన్నుపూసలు వంకరగా ఉన్న తోడేళ్లు పుట్టసాగాయి. 1997లో ఒక మగ తోడేలు మంచు మీదుగా బయటి నుంచి వచ్చి కొత్త రక్తం ఇచ్చింది గానీ, కొన్నేళ్లకు మంద అంతా దాని సంతానమే అయిపోయి పాత కష్టమే మళ్లీ ఎదురైంది. ఇప్పుడు సరస్సు పూర్వంలా తరచుగా గడ్డకట్టడం లేదు కనుక కొత్తవి వచ్చే దారీ మూసుకుపోతున్నది. 2016 నాటికి రెండే తోడేళ్లు మిగిలాయి. ఆ రెండూ తండ్రీ కూతుళ్లు. దాంతో అమెరికా జాతీయ వనాల శాఖ 2018, 2019లలో బయటి నుంచి 19 తోడేళ్లను తెచ్చి వదిలింది. అప్పటికి రెండు వేల దాకా ఉన్న మూస్‌లు 2023 లెక్కలో వెయ్యికి లోపు తేలాయి, తోడేళ్లు ముప్పై వరకు ఉన్నాయి. అయితే ఆ తగ్గుదల అంతా తోడేళ్ల పనే అనడం సరికాదు. మేత కొరత, పిడుదులు అందులో కలిసే ఉన్నాయి.

అచ్చంపేట నుంచి జంతుశాస్త్రం చదువుతున్న ఒక విద్యార్థిని: మూస్ మన కణితి కన్నా పెద్దదా? ముప్పై నలభై కిలోల తోడేలు అంతటి జంతువును ఎలా పడగొడుతుంది? గుంపులో దేనిని ఎంచుకుంటుంది?

అమ్మా, మన్ననూరు దాటి ఫరహాబాద్ వైపు వెళ్లే దారిలో నువ్వు కణితిని చూసే ఉంటావు. బాగా పెరిగిన మగ కణితి మూడు వందల కిలోల వరకు తూగవచ్చు. మగ మూస్ నాలుగు నుంచి ఆరు వందల కిలోలు ఉంటుంది, భుజం దగ్గరి ఎత్తే ఆరడుగులు. దుప్పి జాతులన్నిటిలోకీ పెద్దది అదే. పై పెదవి కిందికి వేలాడే పొడుగాటి మూతి, గొంతు కింద తోలుతిత్తి, అరచేతుల్లా పరుచుకున్న కొమ్ములు దాని గుర్తులు. కొమ్ములు మగవాటికే వస్తాయి, మన చుక్కల దుప్పికిలాగే ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. ఐరోపాలో ఇదే జంతువును ఎల్క్ అంటారు. అమెరికాలో ఎల్క్ అంటే వేరే దుప్పి. పుస్తకాలు చదివేటప్పుడు ఈ తికమక రాకుండా చూసుకో.

తోడేలు ఒంటరిగా ఆ పని చేయదు, గుంపుతో చేస్తుంది. అయినా ఎక్కువసార్లు ఓడిపోతుంది. ఐల్ రాయల్‌లో తొలి ఏళ్లలో డేవిడ్ మెక్ అనే పరిశోధకుడు విమానంలోంచి చూసి రాసిన లెక్కల ప్రకారం, తోడేళ్లు ఎదుర్కొని పరీక్షించిన మూస్‌లలో నూటికి పది కూడా చావలేదు. పారిపోకుండా నిలబడి ముందుకాళ్లతో తన్నడానికి సిద్ధమైన మూస్‌ను తోడేళ్లు కొద్దిసేపు చూసి వదిలి వెళ్లిపోయేవి. ఆ గిట్ట తగిలితే తోడేలు పక్కటెముకలు విరుగుతాయి, పుర్రె పగులుతుంది. వేట సాగిన చోట అవి తొడల వెనుక భాగాన్ని పట్టుకుంటాయి, ఒకటి ముక్కును కరిచి వేలాడుతుంది.

ఇక ఎంపిక గురించి. పరిశోధకులు దశాబ్దాలుగా దీవిలో చచ్చిన మూస్‌ల ఎముకలను వెతికి పోగు చేశారు. పంటిని అడ్డంగా కోసి, నునుపుగా సానపట్టి సూక్ష్మదర్శిని కింద పెడితే చెట్టు కాండంలోలాగే ఏడాదికొక గీత కనబడుతుంది. దానితో వయసు కచ్చితంగా తెలుస్తుంది. అలా చూస్తే తోడేళ్లు చంపినవి ఎక్కువగా ఏడాది లోపు పిల్లలు, లేదా పదేళ్లు దాటిన ముసలివి. నడివయసు మూస్‌ల ఎముకలు అరుదు. ముసలివాటి తుంటి ఎముకను చేతిలోకి తీసుకుంటే సంగతి కంటికే కనబడుతుంది. గుండ్రంగా, జారుగా ఉండవలసిన కీలు తల గరుకుగా అరిగి, అంచుల వెంబడి ఎముక గడ్డలు కట్టి ఉంటుంది. మన ఇళ్లలో ముసలివాళ్లు మోకాళ్ల నొప్పులంటూ చెప్పే కీళ్ల అరుగుదలే అది. ఆ తుంటితో లోతైన మంచులో తిరగబడి తన్నడం సాధ్యం కాదు.

దీనిలో నన్ను బాగా ఆలోచింపజేసిన భాగం ఇంకొకటి ఉన్నది. 2010లో ప్రచురితమైన పరిశీలన ప్రకారం, ముసలితనంలో కీళ్లు అరిగిన మూస్‌లకు వెనుకకాలి ఎముక పొట్టిగా ఉండే అవకాశం ఎక్కువ. ఆ ఎముక పెరుగుదల తల్లి కడుపులో ఉన్నప్పుడు, పుట్టిన తొలి నెలల్లో జరిగిపోతుంది. అంటే ఆ జంతువు కడుపులో ఉన్న చలికాలాన తల్లికి సరైన మేత దొరకలేదు. మూస్‌లు మరీ ఎక్కువగా ఉన్న ఏళ్లలో పుట్టిన పిల్ల, పన్నెండేళ్ల తరవాత కీళ్లు పట్టేసి తోడేలుకు దొరుకుతుంది. చంపిన నోరు తోడేలుదే, కానీ ఆ చావుకు బీజం పడింది పన్నెండేళ్ల కిందటి ఆకలిలో. నువ్వు పరీక్షలో వేటాడే జంతువుల పాత్ర గురించి రాసేటప్పుడు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

హాలియా దగ్గరి నుంచి పాడి చేసే ఒక మహిళ: మూస్‌లను గోమార్లు చంపుతాయని మీరు రాసిండ్రు. మా ఆవులకు, బర్లకు కూడా గోమార్లు పడుతయి. వాటికి ఏమీ కాలేదు. అంత పెద్ద జంతువు గోమారితో ఎట్ల చస్తదండీ?

అమ్మా, పశువు ఒంటి మీద గోమారిని గోటితో పీకి చూసిన చేతులు మీవి కనుక, ఇది మీకు అందరికన్నా బాగా అర్థమవుతుంది. ఆ దేశపు పిడుదు మన ఆవుల మీద కనిపించే రకానికి దగ్గరి పద్ధతిలోనే బతుకుతుంది. పిల్లదశ, నడిమి దశ, పెద్ద దశ, మూడూ ఒకే జంతువు ఒంటి మీద గడుపుతుంది. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా పిడుదు పిల్లలు వేలకు వేలు ముద్దగా కలిసి పొదల కొనలకు ఎక్కి, ఒకదాని కాలు ఒకటి పట్టుకుని వేలాడుతూ కాచుకుంటాయి. మూస్ పక్కనుంచి రాసుకుంటూ పోతే ఆ గుత్తి మొత్తం దాని బొచ్చులోకి దిగుతుంది. చలికాలమంతా అక్కడే ఉండి, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆడ పిడుదులు ద్రాక్షపండంత ఉబ్బేదాకా రక్తం తాగి, రాలిపోయి నేల మీద గుడ్లు పెడతాయి.

ఒక్క మూస్ మీద పదుల వేల పిడుదులు ఉండటం సాధారణం. మీ బర్రె మీద యాభై కనబడితే మీరు వెంటనే మందు పూస్తారు, లేదా డాక్టరును పిలుస్తారు. దానికి ఆ దిక్కు లేదు. తెల్లతోక దుప్పులు నాలుకతో, పళ్లతో ఒళ్లు బాగా శుభ్రం చేసుకుని చాలా పిడుదులను మొదట్లోనే వదిలించుకుంటాయి; మూస్‌కు ఆ అలవాటు తక్కువ, దురద పుట్టాక గానీ గోక్కోవడం మొదలుపెట్టదు. అప్పుడు చెట్లకు రుద్దుకుని రుద్దుకుని గోధుమరంగు పైబొచ్చు విరిగిపోయి, అడుగున ఉన్న తెల్లని మొదళ్లు బయటపడి, పాలిపోయిన బూడిదరంగులో తిరుగుతుంది. అక్కడివాళ్లు వాటిని దెయ్యపు మూస్‌లని పిలుస్తారు. సరిగ్గా ఏడాదిలో మేత అతి తక్కువగా ఉండే నెలల్లోనే ఈ రక్తనష్టం జరుగుతుంది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, పది పదకొండు నెలల పిల్లలు ఏప్రిల్‌లో నిలువునా కూలిపోతాయి. మెయిన్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాలలో కొన్ని ఏళ్లలో రేడియో పట్టీలు కట్టిన పిల్లలలో సగానికి పైగా ఇలా పోయాయి. ఆ ప్రాంతాలలో స్థిరపడిన తోడేలు మందలే లేవు.

పిడుదులు ఇంతగా పెరగడానికి రెండు కారణాలు. మంచు ఆలస్యంగా కురిస్తే అవి పొదల మీద మరికొన్ని వారాలు కాచుకోగలవు. వాతావరణం వేడెక్కుతున్నకొద్దీ ఆ ఆలస్యం పెరుగుతున్నది. మూస్‌లు దగ్గరదగ్గరగా, ఎక్కువగా ఉంటే ప్రతి పిడుదు గుత్తికీ ఒక జంతువు దొరుకుతుంది. అందుకే మెయిన్ రాష్ట్రం 2021 నుంచి ఒక ప్రాంతంలో వేటను కావాలనే పెంచి, మూస్‌లను పలచన చేస్తే పిడుదులు తగ్గుతాయా అని పరీక్షించడం మొదలుపెట్టింది. జంతువును కాపాడటానికి దానినే తగ్గించడం వినడానికి కష్టంగా ఉంటుంది. అయినా ఆ ఆలోచనలో అర్థం ఉన్నదని నేను నమ్ముతున్నాను.

మరొక మాట. మీ పశువులకు ఏమీ కాలేదన్నారు, సంతోషం. కానీ సంకర జాతి ఆవులకు గోమార్ల వల్ల రక్తహీనతే కాక, ప్రాణం తీసే జ్వరాలు కూడా వస్తాయి. ఒళ్లు కాలుతూ, మూత్రం ఎర్రగా కనబడితే ఒక్క పూట కూడా ఆగకుండా పశువైద్యుడికి చూపించండి.

నాగర్‌కర్నూల్ నుంచి ఒక హైస్కూలు విద్యార్థి: ఎలుగుబంటి మూస్‌ను తింటుందా? పులి తింటుందా?

తింటుంది బాబూ, రెండూ తింటాయి. మన నల్లమల ఎలుగు చెదపురుగులు, తేనె, ఇప్పపూలు, పండ్ల మీద బతుకుతుంది గనుక నీకు ఆశ్చర్యంగా ఉండవచ్చు. అలాస్కా, కెనడాలలోని గోధుమరంగు ఎలుగు, నల్ల ఎలుగు మాత్రం మే, జూన్ నెలల్లో పుట్టే మూస్ పిల్లల కోసం వెతుకుతాయి. పుట్టిన తొలి కొన్ని వారాలలో ఎలుగుబంట్ల వల్ల పోయే పిల్లలు, కొన్ని ప్రాంతాలలో తోడేళ్ల వల్ల పోయేవాటికన్నా ఎక్కువ. ఆరు వారాలు దాటి పిల్ల తల్లితో సమంగా పరుగెత్తడం నేర్చుకుంటే ఆ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. ఐల్ రాయల్‌లో ఎలుగుబంట్లు లేవు. అందుకే అక్కడి లెక్కలను తెచ్చి అలాస్కాకు అంటగట్టకూడదు. పులి సంగతికొస్తే, రష్యా తూర్పు కొసన పులులూ మూస్‌లూ ఒకే అడవిలో కలిసే చోట్లు ఉన్నాయి. అక్కడ పులి ముఖ్యంగా అడవిపంది మీద, ఎర్రదుప్పి మీద ఆధారపడినా, అప్పుడప్పుడు మూస్‌నూ పడగొడుతుంది.

వనపర్తి నుంచి ఒక పాఠకుడు: తోడేళ్లు, ఎలుగులు లేని దేశాలలో మూస్‌లను ఎవరు అదుపు చేస్తున్నారు? మనుషులు ఆ స్థానాన్ని తీసుకోగలరా?

స్వీడన్‌లో మనుషులే తీసుకున్నారు. అక్కడ గత శతాబ్దంలో తోడేళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అదే సమయంలో కలప కోసం అడవులను పెద్ద పెద్ద మడులుగా నరికి మళ్లీ పైన్ మొక్కలు నాటడంతో, మూస్‌కు ఎక్కడ చూసినా నోటికందే ఎత్తులో మేత దొరికింది. మంద ఎంతగా పెరిగిందంటే 1982లో ఒక్క ఏడాదిలోనే లక్షన్నరకు పైగా మూస్‌లను వేటాడారు. నేటికీ ఏటా పదుల వేలు వేటగాళ్ల తుపాకీకి పోతున్నాయి. ఏ ప్రాంతంలో ఎన్ని పిల్లలను, ఎన్ని పెద్దవాటిని కొట్టాలో ముందే నిర్ణయించి అనుమతులు ఇస్తారు. ఇప్పుడు కొన్ని వందల తోడేళ్లు తిరిగి వచ్చాయి గానీ, అక్కడి మూస్‌లను ప్రధానంగా వేటాడేది మనిషే.

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవి కథ మరింత విచారకరమైనది. మూస్ ఆ దీవికి చెందినదే కాదు. 1904లో నాలుగింటిని తెచ్చి వదిలారు. అక్కడి తోడేలు 1930 ప్రాంతానికి అంతరించింది. ఆ నాలుగు జంతువుల నుంచి మంద లక్ష దాటింది. గ్రోస్ మార్న్ జాతీయ వనంలో పురుగు పట్టి పెద్ద చెట్లు చచ్చిన చోట కొత్త ఫిర్ మొక్కలు లేచేవి; వాటిని మూస్‌లు మొలకలోనే తినేయడంతో అడవి ఉండవలసిన చోట గడ్డిబయలు మిగిలింది. చివరికి 2011 నుంచి జాతీయ వనంలోనే వేటకు అనుమతి ఇవ్వవలసి వచ్చింది.

మీ రెండో ప్రశ్నకు నా అభిప్రాయం చెబుతాను. సంఖ్యను తగ్గించడం మనిషికి చేతనవుతుంది. కానీ వేటగాడు దూరం నుంచి చూసి, మంచి కొమ్ములున్న బలమైన మగదానిని ఎంచుకుంటాడు. తోడేలు రోజుల తరబడి వెంబడించి కుంటిదానిని, జబ్బుదానిని పట్టుకుంటుంది. మినెసోటా రాష్ట్రంలో 2006లో సుమారు 8,800 ఉన్న మూస్‌లు ఆ తరవాత సగానికి పడిపోయినప్పుడు, మొదట చాలామంది తోడేలు వైపు వేలు చూపారు. పట్టీలు కట్టి, చచ్చిన గంటల్లోపే వెళ్లి కోసి చూస్తే, తోడేళ్లు చంపినవాటిలో కొన్నిటి మెదడులో అప్పటికే సన్నని పురుగులు ఉన్నాయి. ఆ పురుగును మోసేవి తెల్లతోక దుప్పులు. వాటికి ఏమీ కాదు. వాటి పెంటను ఆనుకున్న నత్తలోకి పురుగు చేరుతుంది, ఆకుతో పాటు ఆ చిన్న నత్తను మింగిన మూస్ కొన్నాళ్లకు దిక్కు తెలియక గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. చలికాలాలు మెత్తబడి తెల్లతోక దుప్పులు ఉత్తరానికి వ్యాపించడంతో ఈ జబ్బు అక్కడికి వెళ్లింది. వేసవిలో గాలి 14 డిగ్రీలు దాటితేనే ఊపిరి వేగం పెరిగే జంతువుకు అదే వేడి మరోవైపు నుంచీ కష్టం తెచ్చింది. మే నెలలో 45 డిగ్రీలు చూసే మనకు ఆ అంకె చల్లగా అనిపించినా, దానికది వేడి బాధకు మొదలు.

మక్తల్ నుంచి ఒక రైతు: సార్, మీ దీవి కథ చదివిన. మా దిక్కు కృష్ణా, మాగనూరు మండలాలల్ల కృష్ణజింకలు మందలు మందలుగా వచ్చి పత్తి మొలకలు, కంది మొలకలు తింటున్నయి. రెండుసార్లు విత్తనాలు పెట్టిన. అక్కడ తోడేళ్లను తెచ్చి వదిలినట్టు ఇక్కడ కూడా వదిలితే మా బాధ తీరుతదా?

అన్నా, రెండోసారి విత్తనం కొనవలసి వచ్చిన రైతుకు కథలు చెప్పి తప్పించుకోవడం న్యాయం కాదు. మీ ప్రశ్నకు సూటి జవాబు: తెచ్చి వదలడం వల్ల తీరదు. అయితే ఉన్న తోడేలును పోగొట్టుకుంటే మీ బాధ ఇంకా పెరుగుతుంది.

ఎందుకు తీరదో చెబుతాను. ఐల్ రాయల్ చుట్టూ నీళ్లు, లోపల పొలం లేదు, గొర్రెల మంద లేదు, పసిపిల్లలు తిరిగే వీధి లేదు. అక్కడి తోడేలుకు మూస్ తప్ప తినడానికి బీవర్ వంటి చిన్న జంతువులే దిక్కు. మక్తల్ తోడేలుకు కృష్ణజింక కన్నా సులువుగా దొరికేవి గొల్ల కురుమల గొర్రెపిల్లలు. కొత్తగా తెచ్చి వదిలితే మొదటి నష్టం వాళ్లకే జరుగుతుంది; వాళ్లు విషం పెడితే తోడేలూ పోతుంది, ఆ విషం తిన్న మరెన్నో పోతాయి. పైగా కృష్ణజింక మూస్‌లా చలికాలపు ఆకలికి కూలిపోదు. మీ పొలాలలో ఖరీఫ్ మొలక, యాసంగి పచ్చదనం, కాలువ వెంట గడ్డి ఉన్నన్నాళ్లు దానికి మేత కరువే లేదు. మేత కరువు లేని మందను ఇరవై కిలోల తోడేళ్లు నాలుగైదు తగ్గించలేవు.

అయినా ఉన్న తోడేలు విలువైనదని ఎందుకన్నానంటే, గుజరాత్‌లోని వేలావదర్ గడ్డిబయళ్లలో తోడేలుకు ముఖ్యమైన ఆహారం కృష్ణజింకే. గడ్డిలో దాచిన పిల్లలను, ముసలివాటిని, కుంటివాటిని అది తీసుకుంటుంది. అంతకుమించి, తోడేలు తిరిగే చోట జింకల మంద ఒకే చేనులో గంటల తరబడి నిలకడగా మేయదు. దేశం మొత్తం మీద మిగిలిన తోడేళ్లు సుమారు మూడు వేలే. పులులకున్నట్టు వాటికి ఎన్నో అభయారణ్యాలు లేవు, ఎక్కువ భాగం ఇలాంటి గుట్టలు, బీళ్లు, పంట భూముల మధ్యే బతుకుతున్నాయి. చట్టప్రకారం కృష్ణజింకకూ తోడేలుకూ ఒకే స్థాయి రక్షణ ఉన్నది, రెండింటిలో దేనికీ హాని చేయరాదు.

మీకు ఇప్పుడు చేతనైనవి కొన్ని ఉన్నాయి. పంట నష్టమైన వెంటనే ఫొటోలు తీసి, వ్యవసాయ విస్తరణ అధికారితో పరిశీలన రాయించి, అటవీ రేంజ్ కార్యాలయంలో పరిహారానికి దరఖాస్తు ఇవ్వండి. మొలక దశలోనే ఇవ్వాలి, తరవాత ఇస్తే గుర్తులుండవు. ఊరంతా కలిసి అడగవలసింది మరొకటి. గరాటు ఆకారంలో పొడవైన తెరలు కట్టి, మందను మెల్లగా లోపలికి తోలి, చేయి వేయకుండా లారీలోకి ఎక్కించే బోమా పద్ధతితో మధ్యప్రదేశ్‌లో జింకలను తరలించారు. జింకను వలవేసి పట్టుకుంటే భయంతోనే చచ్చే ప్రమాదం ఉన్నది గనుక ఈ పద్ధతి మేలు. నారాయణపేట జిల్లాకు అదే అడగండి.

ఇంకొక పని మీ ఊరి గొర్రెల కాపరులతో కలిసి చేయవలసి ఉన్నది. మీ గుట్టల దగ్గర తోడేలు ఈనిందా లేదా అన్నది వాళ్లకే ముందు తెలుస్తుంది. వాళ్ల మందల వెంట తిరిగే కుక్కలు, ఊరకుక్కలు అదే గుట్ట మీద, అదే కుంట దగ్గర నీళ్లు తాగుతాయి. ఐల్ రాయల్‌లో యాభై తోడేళ్లను పద్నాలుగు చేసిన పార్వో జబ్బు మన ఊరకుక్కలలో ప్రతి ఏడాదీ వస్తూనే ఉన్నది. ఆ కుక్కలకు పార్వో, డిస్టెంపర్, రేబిస్ టీకాలు వేయించండి. పశువైద్యశాలకు ముందుగా కబురు పెట్టి, మంద ఊరి దగ్గర ఆగే రోజున, కుక్కలన్నిటినీ తాళ్లతో కట్టి ఒక్కచోటికి చేర్చగలిగితే ఒక్క పొద్దుటిపూటలో పని అయిపోతుంది.